తిరుపతి బోరు నీళ్ళలో నురగ నిలబెట్టడం: తడి షేవింగు, బ్రష్షుల ప్రాజెక్టు డైరీ

క్యాన్ ఫోము, కార్ట్రిడ్జి రేజరు పక్కన పెట్టి బ్రష్షు, క్రీము, రెండు వైపుల బ్లేడుతో గడ్డం చేసుకుందామనుకుని, ఏ బ్రష్షు కొనాలో తేలక ఆగిపోయినవాళ్ళ కోసం ఈ డైరీ. నురగ కూలిపోగానే అందరూ బ్రష్షునే తిడతారు. ఇంకా ఖరీదైనది కొంటారు, అదీ అలాగే కూలుతుంది. చాలాసార్లు తప్పు కొళాయిది, లేదంటే చేతి కొలతది. బ్రష్షు వంతు ఆ తర్వాతే. అందుకే ఇక్కడ దశలు కూడా ఆ వరసలోనే ఉన్నాయి.

ప్రతి దశ చివర ఖర్చు లెక్క ఉంది. పనికిరాకుండా పోయినవీ అందులోనే కలిపాం.

దశ 0: సరంజామా

1. మూడు ముక్కల సేఫ్టీ రేజరు, పళ్ళు లేని సాదా అంచుది: 480 రూపాయలు.
2. రెండు వైపుల బ్లేడ్లు, పది: 60.
3. పటిక బిళ్ళ: 20.
4. పాకెట్ తూకం, 0.1 గ్రాము దాకా చూపించేది: 350.
5. 5 మి.లీ. సిరంజి, సూది తీసేసి: 10.
6. ప్లాస్టిక్ వెర్నియర్: 150.
7. టీడీఎస్ మీటరు: 300.
8. అక్వేరియం షాపుల్లో చేపల తొట్టికి అమ్మే, నీటి కాఠిన్యం కొలిచే జీహెచ్ చుక్కల కిట్టు: 450.

వీటిలో అత్యంత విలువైనది పది రూపాయల సిరంజి. టీడీఎస్ మీటరు దండగ, ఎందుకో కింద ఉంది. వెర్నియర్ బదులు స్కేలు చాలు. తూకం బ్రష్షులు పోల్చేవాళ్ళకే అవసరం, ఒక్క బ్రష్షుతో సరిపెట్టుకునేవాళ్ళకు అక్కర్లేదు.

ఇప్పటిదాకా ఖర్చు: 1,820.

దశ 1: ముందు నీళ్ళు

తిరుపతిలో ఒక్కో ఇంట్లో ఒక్కో రకం నీళ్ళు. కళ్యాణి డ్యాం నుంచి, తెలుగుగంగ కింద కండలేరు నుంచి వచ్చే కార్పొరేషన్ నీళ్ళు వేరు, అపార్ట్‌మెంటు బోరు నీళ్ళు వేరు. చాలా చోట్ల రెండూ ఒకే సంపులో కలుస్తాయి. కాబట్టి ఎండాకాలంలో బాత్రూం కొళాయిలో వచ్చేవి, కార్తీక మాసంలో వచ్చేవి ఒకటి కావు. కింద ఇచ్చిన అంకెలు ఒక్క భవనానివి. మీ ఇంటి అంకె మీరే తీసుకోవాలి.

మొదట టీడీఎస్ మీటరు ముంచాం. బోరు 880, నేరుగా వచ్చే కార్పొరేషన్ కొళాయి 310, ఆర్వో 40. ఈ అంకెలతో నురగ సంగతి తేలదు. టీడీఎస్ అంటే నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి. నురగను చంపేవి అందులో కాల్షియం, మెగ్నీషియం మాత్రమే. నీళ్ళ కాఠిన్యం అనేది ఆ రెండిటినే. సాఫ్టెనర్ పెట్టిన భవనాల్లో ఆ రెండూ పోయి వాటి చోట సోడియం వచ్చి కూర్చుంటుంది. మీటరు దాదాపు పాత అంకెనే చూపిస్తుంది, నురగ మాత్రం దివ్యంగా వస్తుంది.

పనికొచ్చే పరీక్ష చుక్కల కిట్టుతో చేసేది:

1. కిట్టు గొట్టంలో సరిగ్గా 5 మి.లీ. నీళ్ళు పోయండి.
2. ఒక్కో చుక్క వేసి, మూత పెట్టి, ఊపండి.
3. రంగు పూర్తిగా మారేదాకా చుక్కలు లెక్కపెట్టండి.
4. చుక్కల లెక్కను 17.9తో హెచ్చవేస్తే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల కాఠిన్యమో వస్తుంది.

వచ్చిన ఫలితాలు: బోరు 25 చుక్కలు, అంటే దాదాపు 450. కొళాయి 9 చుక్కలు, 160. ఆర్వో 2 చుక్కల లోపే. తాగే నీటికి మన ప్రమాణం ఐఎస్ 10500 కాఠిన్యం 200 దాకా ఉంటే మంచిదంటుంది, వేరే ఆధారం లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. అది గొంతుకు సంబంధించిన లెక్క. గడ్డానికి 450 అంటే కష్టమే.

ఎందుకు కష్టమో చిన్న లెక్క వేసి చూడొచ్చు. 500 కాఠిన్యమున్న నీళ్ళు 10 మి.లీ. కలిస్తే అందులోని కాల్షియం సుమారు 30 మిల్లీగ్రాముల సబ్బును పట్టి, కరగని తెల్ల పొడిగా మార్చేస్తుంది. ఒక గ్రాము క్రీములో మూడో వంతు సబ్బు అనుకుంటే పోయింది పదో వంతే. పదో వంతు పోతే ఇంత నష్టమా అనిపిస్తుంది. అసలు చేటు చేసేది ఆ మిగిలిపోయిన పొడి. కాల్షియం సబ్బు రేణువులు బుడగల గోడల్లో ఇరుక్కుని వాటిని పగలగొడతాయి. బకెట్టు అంచున, బ్రష్షు మొదట్లో పేరుకునే బూడిదరంగు జిడ్డు కూడా అదే.

నురగ ఎంతసేపు నిలుస్తుందో ఇలా చూశాం. 1 గ్రాము క్రీము, 9 మి.లీ. నీళ్ళు, ఒకే బ్రష్షు, గిన్నెలో ఒక నిమిషం తిప్పడం. తర్వాత నురగను దగ్గు మందు కొలత కప్పులోకి తీసి, అడుగున నీటి గీత తేరేదాకా గడియారం చూడటం. బోరు నీళ్ళకు 3 నిమిషాలు పట్టింది. కొళాయికి 8. ఆర్వోతో 15 నిమిషాలు దాటినా గీత రాలేదు. తీరిగ్గా రెండు సార్లు గీసుకోవడానికి పది నిమిషాలు పడుతుంది కాబట్టి బోరు నురగ సగంలోనే చేతులెత్తేస్తుంది.

బోరు నీళ్ళను బాగుచేయడానికి చేసిన ప్రయత్నాలు:

1. మరగబెట్టి, చల్లార్చి, పైన తేరినవి వంచుకోవడం. 25 చుక్కలు 14కు దిగాయి, అంటే 250. బైకార్బనేట్‌తో ఉన్న కాఠిన్యమే మరిగితే పోతుంది, గిన్నె అడుగున తెల్లగా కట్టేది అదే. మిగిలింది ఎంత మరిగించినా కదలదు. గ్యాసు ఖర్చుకు తగ్గ ఫలం లేదు.
2. నిమ్మరసం. పూర్తిగా విఫలం. పులుపు తగలగానే సబ్బు విరిగి కొవ్వు ఆమ్లంగా మారుతుంది, నురగ కళ్ళముందే నీరైపోతుంది.
3. చాకలి సోడా. కాఠిన్యం తగ్గుతుంది గానీ ఆ క్షారం గీసిన చర్మం మీద మండుతుంది. బట్టలకు సరే, బుగ్గలకు వద్దు.
4. ఆర్వో నీళ్ళు. ఒక షేవుకు పావు లీటరు చాలు. ముఖం తడపడం, కడగడం కొళాయి నీళ్ళతోనే చేసి, బ్రష్షు నానబెట్టడానికి, నురగకు మాత్రం ఇవి వాడాలి. 20 లీటర్ల క్యాను నింపుడు 30 రూపాయలు, ఒక్క మనిషికి రెండు నెలలకు పైనే వస్తుంది.

ఈశాన్య రుతుపవనాల్లో మిద్దె మీద పట్టిన వాన నీళ్ళూ ఆర్వోతో సమానంగా పనిచేశాయి. మొదటి జల్లు దుమ్ముతో వస్తుంది, దాన్ని వదిలేసి పట్టుకోవాలి.

ఇప్పటిదాకా ఖర్చు: 1,850.

దశ 2: వీధి షాపు బ్రష్షు

గాంధీ రోడ్డు వైపు ఏ ఫ్యాన్సీ షాపులో అడిగినా ఇచ్చే నైలాను బ్రష్షు 90 రూపాయలు. 70 గ్రాముల క్రీము ట్యూబు 80.

బ్రష్షు కొలతలు: కుచ్చు మొదట్లో అడ్డుకొలత 19 మి.మీ., పిడి పైనుంచి కొస దాకా కుచ్చు ఎత్తు 58 మి.మీ., బరువు 28 గ్రాములు. బ్రష్షు కొనేవాళ్ళు ధర కంటే ముందు చూడాల్సింది ఈ అడ్డుకొలత, ఎత్తు అంకెలే. ఎత్తును అడ్డుకొలతతో భాగించండి. 2.0 నుంచి 2.4 మధ్య వస్తే కుచ్చు ముఖం మీద నిలబడుతుంది. 2.6 దాటితే వాలిపోతుంది. ఈ బ్రష్షుకు 3.05 వచ్చింది.

వాడితే ఏమవుతుందో ఆ అంకే చెబుతోంది. దవడ మీద ఒత్తగానే వెంట్రుకలు నాలుగు పక్కలా పడిపోతాయి, క్రీము అంచులకు పోయి చేరుతుంది, మధ్యలో ఖాళీ. నీళ్ళు పిడి మీదుగా మోచేతి దాకా కారతాయి.

చవక చికిత్స ఒకటుంది. ప్లంబింగ్ సామాన్ల షాపులో 18 మి.మీ. లోపలి కొలత ఉన్న రబ్బరు ఓ-రింగు, 5 రూపాయలు. కుచ్చు మొదట్లో తొడిగి 8 మి.మీ. పైకి జరిపితే వంగే ఎత్తు 58 నుంచి 50కి తగ్గుతుంది. నిష్పత్తి 2.6. నురగ లేచింది, ముఖానికి పట్టింది. ఇబ్బంది ఏమిటంటే రింగు కింద తడి చిక్కుకుని వారం లోపే వాసన మొదలవుతుంది. వాడిన ప్రతిసారీ రింగు తీసి ఆరబెట్టాలి, తడి కుచ్చుకు మళ్ళీ తొడగడం చికాకు పని. చేతిలో ఇలాంటి బ్రష్షు ఇప్పటికే ఉన్నవాళ్ళు నేర్చుకునేదాకా ఇలా నెట్టుకురావచ్చు. కొత్తగా మాత్రం కొనకండి.

ఇప్పటిదాకా ఖర్చు: 2,025.

దశ 3: నురగ కొలత

క్రీము 1 గ్రాము దగ్గర ఆపేశాం. ట్యూబు మూతి నుంచి దాదాపు రెండు సెంటీమీటర్లు. ట్యూబు మీద ఎంత రాసినా ఇంతకంటే అక్కర్లేదు, 70 గ్రాముల ట్యూబు ఈ లెక్కన 70 షేవులు. మార్చి మార్చి చూసింది నీళ్ళనే. కింది అంకెలు బ్రష్షులో ఉన్న నీళ్ళు, సిరంజితో పోసినవి కలిపి:

5 మి.లీ. దగ్గర నురగ తెల్లగా, బిగువుగా, గుడిలా నిలబడి ఉంటుంది. ఫొటోకు బ్రహ్మాండం. ముఖం మీద రెండు నిమిషాల్లో ఎండి పొరలా లేస్తుంది, రేజరు పట్టిపట్టి జారుతుంది. కొత్తవాళ్ళు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే, ఎందుకంటే చూపుకు అంతా బాగుంది.

9 మి.లీ. దగ్గర నిగనిగలాడుతుంది. బుడగలు కంటికి ఆనవు, వేలితో తీస్తే చిలికిన పెరుగులా కొస వంగి పడుతుంది. ఇదే కావలసింది.

13 మి.లీ. దగ్గర పెద్ద బుడగలు, కారడం. ఇక్కడికి చేరాక వెనక్కి రావడానికి అర గ్రాము క్రీము అదనంగా వేయడమే మార్గం.

స్థిరపడ్డ పద్ధతి:

1. ముఖం కడిగి, తడి తువాలు రెండు మూడు నిమిషాలు వేసి ఉంచండి. వెంట్రుక నీళ్ళు పీల్చి మెత్తబడటానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. తిరుమల కల్యాణకట్టలో తల మొత్తం తడిపి కానీ బ్లేడు ఆనించరు, అక్కడ సబ్బూ లేదు, క్రీమూ లేదు.
2. తడి బ్రష్షును రెండు సార్లు గట్టిగా విదిలించండి.
3. గిన్నెలో క్రీము వేసి 20 సెకన్లు తిప్పండి. ముద్దలా ఉంటుంది, ఉండనివ్వండి.
4. సిరంజితో 1 మి.లీ. పోసి 15 సెకన్లు తిప్పండి. మెరుపు వచ్చేదాకా ఇదే.
5. చివరి 1 మి.లీ. ముఖం మీద కలపండి, గిన్నెలో కాదు.

నున్నటి స్టీలు గిన్నెలో బ్రష్షు జారుతుంది, నురగ ఆలస్యంగా లేస్తుంది. లోపల గీతలున్న పింగాణీ కప్పులో సగం టైము పట్టింది. ఇంకో సంగతి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా షేవింగు చేసేచోట ఫ్యాను ఆపేయాలి. ఫ్యాను గాలికి రెండో బుగ్గకు వచ్చేసరికి మొదటి బుగ్గ మీది నురగ అట్ట కడుతుంది. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్ళను నేరుగా బ్రష్షు మీద పట్టకండి. చేతికి ఓర్చుకోలేనంత వేడి బ్రష్షుకూ పడదు: జంతువుల వెంట్రుక పెళుసెక్కుతుంది, కుచ్చు జిగురు వదులవుతుంది.

సిరంజి ఎల్లకాలం అక్కర్లేదు. చెయ్యి అలవాటు పడ్డాక వేళ్ళు ముంచి చిలకరిస్తే సరిపోతుంది. కానీ మొదట్లో అది లేకపోతే ఏ బ్రష్షు మంచిదో తేల్చుకోలేరు.

ఇప్పటిదాకా ఖర్చు: 2,025. ఈ దశలో కొన్నదేమీ లేదు.

దశ 4: పంది వెంట్రుక, బాడ్జర్

ఇక అసలు బ్రష్షులు. బాడ్జర్ అంటే బొరియల్లో ఉండే ఒక అడవి జంతువు. ముందుగా ఒక మాట. ప్యాకెట్టు మీద 'నాచురల్ బ్రిసిల్' అని మాత్రమే ఉంటే అది మామూలుగా పంది వెంట్రుకే. కొన్ని ఇళ్ళలో అది గుమ్మం దాటి రాకూడదు. షాపువాళ్ళు వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, అడిగి తెలుసుకోవాలి. ముంగిస వెంట్రుక అని ఎవరైనా చూపిస్తే అక్కడినుంచి వచ్చేయండి, వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

అసలుదా నకిలీదా తెలుసుకోవడానికి: రాలిన ఒక్క వెంట్రుకను పట్టకారుతో పట్టి అగ్గిపుల్లకు చూపండి. జంతువుదైతే వెంట్రుకలు కాలిన కమురు వాసన వచ్చి, నలిపితే బూడిదవుతుంది. నైలాను అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. బాడ్జర్ వెంట్రుక కొస లేతగా, నడుమ నల్లపట్టీ, మొదలు మళ్ళీ లేతగా ఉంటుంది. పంది వెంట్రుకకు రంగు వేసి బాడ్జర్ అని అమ్మేవాటిని గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు ఉంచితే నీళ్ళ రంగు మారుతుంది.

*పంది వెంట్రుక బ్రష్షు.* 650 రూపాయలు. 24 మి.మీ. కుచ్చు, 56 మి.మీ. ఎత్తు, నిష్పత్తి 2.3, పొడి బరువు 52 గ్రాములు.

మొదటి సమస్య వాసన. తలకు వాడే షాంపూతో రెండు సార్లు కడిగి, నురగ పట్టించి రాత్రంతా ఉంచి, పొద్దున జాడించాక భరించేలా తగ్గింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సరిగ్గా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకల షేవింగు బ్రష్షుల వల్ల ఆంత్రాక్స్ సోకిన కేసులు ఇంగ్లండులో, అమెరికాలో నమోదయ్యాయి. కంపెనీ బ్రష్షులకు ఇప్పుడు ఆ భయం లేదు గానీ, ఎక్కడ చేశారో తెలియని విడి బ్రష్షు జాతరలో చవగ్గా వస్తోందని తీసుకోకండి.

రెండో సమస్య పెద్దది. నురగ లేచినట్టే లేచి, ముఖానికి పట్టించే లోపు మాయమవుతుంది. తూకం మీద పెడితే కారణం దొరికింది. ఒక్క నిమిషం నానబెట్టి విదిలిస్తే 56 గ్రాములు, పది నిమిషాలు నానబెట్టి విదిలిస్తే 60. అంటే పంది వెంట్రుక నెమ్మదిగా నీళ్ళు తాగుతుంది. సరిగ్గా నానని బ్రష్షు ఆ మిగతా నాలుగు గ్రాములను నురగలోంచే లాక్కుంటుంది. 9 మి.లీ. అనుకున్నది 5 అవుతుంది, అదే పైన చెప్పిన ఎండు నురగ.

చేసిన మార్పులు: స్నానానికి వెళ్ళేముందే చెంబులో కుచ్చు మునిగేదాకా పెట్టడం, పది నిమిషాలకు తగ్గకుండా. పిడి మునగకూడదు. విదిలించాక సిరంజితో పోసేది 4 మి.లీ. కంటే తక్కువ కాకుండా చూడటం, ఎందుకంటే లోపల పీల్చిన నీళ్ళలో కొంత బయటికి రాదు.

కొత్త కుచ్చు గుచ్చుకుంటుంది. వాడేకొద్దీ కొసలు చీలి మెత్తబడతాయి. దానికి సుమారు ఇరవై షేవులు పడుతుందని ముందే అనుకోండి. తొందరగా కావాలంటే షేవు లేని రోజుల్లో అరచేతిలో నురగ చేసి, కడిగి, ఆరబెట్టడం ఒక్కటే దారి. కత్తెరతో కొసలు కత్తిరిస్తే మెత్తబడవు, ఇంకా మొరటవుతాయి. మొదట్లో వెంట్రుకలు ఒకటీ అరా రాలడం మామూలే. నెల దాటినా ప్రతిసారీ నాలుగైదు వస్తుంటే, లేదా జిగురు ముక్కతో సహా గుత్తిగా ఊడితే, అది కుచ్చు కట్టడంలో లోపం.

*బాడ్జర్ బ్రష్షు.* 1,900 రూపాయలు, మధ్య రకం. 22 మి.మీ., ఎత్తు 50, నిష్పత్తి 2.27, పొడి బరువు 61 గ్రాములు.

ధర చూసి ఆశపడేవాళ్ళకు మొదటి వారం నిరాశే. నురగ కాదు, పాలలాంటి నీళ్ళు. మళ్ళీ తూకమే చెప్పింది. రెండు సార్లు విదిలించాక 74 గ్రాములు, అంటే 13 మి.లీ. నీళ్ళు లోపలే ఉన్నాయి. సిరంజి తియ్యకముందే గీత దాటేసింది. బాడ్జర్ వెంట్రుక నీళ్ళను పట్టి ఉంచుతుంది, విదిలిస్తే వదలదు. పిడికిట్లో పట్టి ఒక్కసారి మెల్లగా పిండితే 66కు దిగింది, 5 మి.లీ. అక్కడినుంచి 4 మి.లీ. కలిపితే పనైపోయింది. పిండేటప్పుడు కిందికి లాగకూడదు, మొదలు వదులవుతుంది.

ఇంకో జాగ్రత్త. గిన్నె అడుక్కి ఒత్తి గుండ్రంగా తిప్పుతూ పోతే నడిమి వెంట్రుకలు మెలిపడి విరిగి కుచ్చు మధ్యలో గుంట పడుతుంది. బాడ్జర్‌ను కొసలతో మాత్రమే తిప్పాలి, ముఖం మీద పెయింటు వేసినట్టు అటూ ఇటూ నడపాలి.

నేర్చుకునేవాళ్ళకు మా తీర్పు: బాడ్జర్ ఇప్పుడు వద్దు. వెంట్రుకల్లో ఎక్కువభాగం చైనా నుంచి వస్తుంది, 'ప్యూర్', 'బెస్ట్', 'సిల్వర్‌టిప్' అనే నాణ్యత పేర్లకు అందరూ ఒప్పుకున్న కొలబద్ద లేదు, ఒకరి 'బెస్ట్' ఇంకొకరి 'ప్యూర్' కంటే మొరటుగా ఉండొచ్చు. ఆ డబ్బుతో మూడు మంచి సింథటిక్ (కృత్రిమ వెంట్రుక) బ్రష్షులు వస్తాయి.

ఇప్పటిదాకా ఖర్చు: 4,575.

దశ 5: సింథటిక్ కుచ్చు, చేయించిన పిడి

సింథటిక్ కుచ్చులు విడిగా దొరుకుతాయి. 24 మి.మీ. కుచ్చు 420 రూపాయలు, జిగురు మొదలుతో కలిపి మొత్తం ఎత్తు 65 మి.మీ.

ముందు 90 రూపాయల బ్రష్షు పిడినే వాడదామని పాత కుచ్చు పెరికి చూస్తే పిడి లోపల డొల్ల. డ్రిల్లు వేడికి ప్లాస్టిక్ కరిగి బిట్టుకు చుట్టుకుంది. ఆ దారి వదిలేయండి. లేత్ పట్టే వడ్రంగి దగ్గర టేకు పిడి 150 రూపాయలకు చేయించాం. పిడికి ఎర్రచందనం ముక్క ఇప్పిస్తామనేవాళ్ళు ఈ ఊళ్ళో తగులుతారు. శేషాచలం చెట్టు జోలికి పోతే బ్రష్షు ఖర్చుతో పోదు.

గుంత కొలతే ఇక్కడ ప్రాణం:

1. కావలసిన కుచ్చు ఎత్తు 52 మి.మీ. మొత్తం 65 నుంచి తీసేస్తే గుంత లోతు 13.
2. గుంత అడ్డుకొలత కుచ్చు మొదలు కంటే అర మిల్లీమీటరు ఎక్కువ, 24.5. బిగుతుగా ఉంటే జిగురుకు చోటుండదు.
3. జిగురు లేకుండా కుచ్చు పెట్టి చూసి, వెర్నియర్‌తో కొలవండి.
4. పిడి లోపలా బయటా వార్నిష్ రెండు పూతలు వేసి, పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆరనివ్వండి.
5. ఆరాల్డైట్ జిగురు రెండు ట్యూబులూ సమానంగా కలిపి, గుంత అడుగున పలచగా రాసి, కుచ్చు దించి, నిటారుగా నిలబెట్టండి. 24 గంటలు తాకకండి.

లోతు నోటితో చెబితే వడ్రంగి "కొంచెం ఎక్కువున్నా ఏం కాదు లేన్నా" అంటాడు. అవుతుంది. మొదటి పిడికి గుంత 17 వచ్చింది, కుచ్చు ఎత్తు 48కి పడిపోయి నిష్పత్తి సరిగ్గా 2.0. కర్రలా బిగుసుకుని నురగను అద్దం మీదికి చిమ్ముతోంది. అడుగున 4 మి.మీ. రబ్బరు వాషర్లు వేసి ఎత్తు 52కి తెచ్చాక సర్దుకుంది. జిగురు పెట్టకముందే చూసుకోవాల్సిన సంగతి ఇది. డ్రిల్లు బిట్టుకు 13 దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టి ఇస్తే మాటలతో పనిలేదు.

జిగురు ఎక్కువైతే పక్కనుంచి పైకి ఉబికి వెంట్రుకల్లోకి పాకి గట్టిపడుతుంది, అక్కడ కుచ్చు వంగడం మానేస్తుంది. వార్నిష్ మానేసిన పిడి ముక్కను పక్కన నీళ్ళలో ఉంచి చూస్తే గుంత అంచున సన్నగా పగిలింది.

తయారైన బ్రష్షు: 68 గ్రాములు, విదిలించాక 73. అంటే 5 మి.లీ., ప్రతిసారీ దాదాపు అంతే. నానబెట్టే పని లేదు, వాసన లేదు, మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. సింథటిక్ వెంట్రుక నీళ్ళు తాగదు కాబట్టి పోసింది పోసినట్టు నురగలోకే వెళ్తుంది, అందుకే నేర్చుకోవడానికి సులువు. దాని లోపం కూడా అదే: ఒక్కసారిగా 3 మి.లీ. పోస్తే పట్టి ఉంచేదేమీ లేక నురగ వెంటనే జారుతుంది. 1 మి.లీ. చొప్పునే.

కుచ్చు 420, పిడి 150, ఆరాల్డైట్ 90, వార్నిష్ 60. వాషర్లు వడ్రంగి ఊరికే ఇచ్చాడు.

ఇప్పటిదాకా ఖర్చు: 5,295.

ఇంత అక్కర్లేకుండా నకలు చేసుకునేవాళ్ళకు లెక్క: రేజరు 480, బ్లేడ్లు 60, పటిక 20, క్రీము 80, సిరంజి 10, ఆర్వో క్యాను 30, తయారుగా దొరికే 24 మి.మీ. సింథటిక్ బ్రష్షు 600. మొత్తం 1,280.

దశ 6: రేజరు, క్లుప్తంగా

1904లో జిలెట్‌కు పేటెంటు వచ్చిన ఏర్పాటే ఇది: పలచని బ్లేడును మూతకూ అడుగు పలకకూ మధ్య వంచి బిగించడం. ఇప్పటి బ్లేడు మందం 0.1 మి.మీ. కాబట్టి కొంచెం పక్కకు జరిగి బిగుసుకున్నా తేడా వస్తుంది. బిగించాక పైనుంచి చూడండి, రెండు వైపులా అంచు సమానంగా కనబడాలి. ఒక బుగ్గ మాత్రమే మండుతుంటే మొదట చూడాల్సింది ఇదే.

కోణం సుమారు 30 డిగ్రీలు. రేజరు బరువే చాలు, ఒత్తిడి సున్నా. మొదటి వారాల్లో వెంట్రుక వాలిన దిశలో ఒక్కసారే, ఎదురు గీత వద్దు. మెడ మీద వెంట్రుకలు పక్కలకు వాలి ఉంటాయి, రెండు రోజుల గడ్డం మీద వేలు నడిపి దిశ చూసుకోవాలి. నాలుగైదు షేవులకు బ్లేడు మార్చాలి. ఫెదర్ కంపెనీవి లాంటి మహా పదును బ్లేడ్లు చెయ్యి కుదిరాకే. అయ్యాక తడి పటిక రుద్దితే ఎక్కడెక్కడ ఎక్కువ గీశారో మంటే చెబుతుంది. వాడిన బ్లేడ్లను గంటు పెట్టిన రేకు డబ్బాలో వేయండి, చెత్త తీసేవాళ్ళ చేతులు తెగుతాయి.

దశ 7: వానాకాలం

తిరుపతిలో బ్రష్షుకు గడ్డుకాలం మే కాదు, నవంబరు. ముసురు పట్టిన వారంలో బాత్రూంలో ఉంచిన పంది వెంట్రుక బ్రష్షు కుచ్చు మొదలు దగ్గర బూజు వాసన కొట్టింది. సింథటిక్ సాయంత్రానికి ఆరింది. బాడ్జర్ మర్నాడు పొద్దునకీ తడిగానే ఉంది.

1. వాడాక కుచ్చును పిండి, పొడి తువాలు మీద అటూ ఇటూ పదిసార్లు ఆడించండి.
2. బాత్రూంలో కాకుండా గాలి తగిలే కిటికీ దగ్గర పెట్టండి. ఎండలో వద్దు.
3. తలకిందులుగా వేలాడదీయాలా నిలబెట్టాలా అన్న వాదనలో పస లేదు, విదిలించాక రెండు రకాలుగానూ ఒకే టైముకు ఆరింది. గాలే ముఖ్యం.
4. పంది వెంట్రుక, బాడ్జర్ వాడేవాళ్ళు ఈ రోజుల్లో రోజు విడిచి రోజు వాడండి.

బోరు నీళ్ళలో వాడిన కుచ్చు మొదలు బిరుసెక్కి, బూడిదరంగు పట్టిందంటే అది దశ 1లో చెప్పిన కాల్షియం సబ్బే. షాంపూకు లొంగదు. అక్కడ నురగను విరిచిన పులుపే ఇక్కడ మందు. ఒక పాలు తెల్ల వెనిగరు, పది పాళ్ళు గోరువెచ్చని ఆర్వో నీళ్ళు, కుచ్చు వరకే ముంచి పది నిమిషాలు. తర్వాత షాంపూ, తర్వాత నాలుగైదు సార్లు జాడింపు. పులుపు ఏమాత్రం మిగిలినా మర్నాటి నురగ లేవదు. నెలకోసారి చాలు. వెనిగరు సీసా 40, మొత్తం ఖర్చు 5,335.

ఆరిందో లేదో చెయ్యి పెట్టి చూస్తే తెలియదు, కొసలు ముందే ఆరిపోతాయి. తూకం మీద పెట్టండి. 52 గ్రాముల పంది వెంట్రుక బ్రష్షు మర్నాడు 52.5 దాటి తూగితే కుచ్చు మొదలు దగ్గర ఇంకా తడి ఉన్నట్టే, ఆ రోజు సింథటిక్ తీయండి.